మూతి వంకర పోని పక్షవాతం

నాకు పక్షవాతం వచ్చిందని చెబితే ఎదుటివాళ్ల చూపు ముందు నా మూతి మీదికి, ఆ తర్వాత కాళ్ల మీదికి వెళుతుంది. రెండూ సవ్యంగానే కనిపించేసరికి "అదేదో నరాల బలహీనత అయి ఉంటుందిలే" అని వాళ్లే తీర్మానించేస్తారు. బీపీ లేదు, షుగరు లేదు, నలభై ఒక్క ఏళ్లకు పక్షవాతమేమిటని ఇంకొందరి అనుమానం. దాని మూలం గర్భసంచి దగ్గర ఉందని చెప్పడం మొదలుపెడితే మగవాళ్లు మాట మారుస్తారు, ఆడవాళ్లు కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. కుర్చీ జరుపుకునే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర ఊరు. బ్యాంకులో క్యాష్ కౌంటరు నా పని. రెండో కాన్పు అయిన కొన్నేళ్లకు నెలసరి తీరు మారింది. అయిదు రోజుల్లో ముగిసేది పది రోజులు దాటడం, గడ్డలు గడ్డలుగా పోవడం, మొదటి మూడు రోజులు నడుము విరిగిపోయే నొప్పి. కౌంటరులో కూర్చుంటే మధ్యలో లేవడం కుదరదు. లేస్తే డబ్బు పెట్టె తాళం వెయ్యాలి, వరుసలో నిలబడ్డవాళ్ల సణుగుడు వినాలి. అందుకే ఆ రోజుల్లో ముదురు రంగు చీర, కుర్చీ మీద మడతపెట్టిన నల్ల తువ్వాలు, సొరుగులో ఇంకో చీర. మా బ్రాంచిలో ఇంకో ఇద్దరి సొరుగుల్లోనూ చీరలుండేవని తర్వాత తెలిసింది.

స్కానింగ్‌లో అడినోమయోసిస్ అని వచ్చింది. గర్భసంచి లోపలి పొరలో ఉండాల్సిన కణజాలం కండరంలోకి చొచ్చుకుపోయి అక్కడ కూడా నెలనెలా ఉబ్బుతుందట. సంచి పెద్దదవుతుంది, రక్తస్రావం పెరుగుతుంది. క్యాన్సరు కాదని తెలిశాక ఇంట్లో అందరూ ఒకే పాట అందుకున్నారు: "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకా సంచి? తీయించేసుకో." మా అమ్మకు, పెద్దమ్మకు, ఇద్దరు పిన్నులకు ముప్పై అయిదు దాటకముందే తీసేశారు. మా వైపు ఇది అప్పెండిసైటిస్ కన్నా మామూలు ఆపరేషన్. మాటవరసకు అనడం లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం. నాకు మాత్రం ఆపరేషన్ ఇష్టం లేదు. మందులతో చూద్దామన్నాను. స్త్రీల వైద్యురాలు కూడా సరేనన్నారు.

ఆమె రెండు రకాల మాత్రలు రాశారు. ఒకటి ట్రానెగ్జామిక్ యాసిడ్, రక్తం గడ్డకట్టింది కరిగిపోకుండా నిలిపేది. రెండోది నారెథిస్టెరోన్, 5 మి.గ్రా.ది రోజుకు మూడు సార్లు. ఇది మన ఇళ్లలో తెలియనిదేమీ కాదు. తిరుపతి ప్రయాణానికో, సత్యనారాయణ వ్రతానికో అడ్డు రాకుండా నెలసరి వాయిదా వేసుకునే మాత్ర ఇదే. మందుల షాపులో పేరు చెప్పకుండా "ఆ మాత్రలు" అన్నా ఇచ్చేస్తారు. నాకు వేసుకున్న రెండో రోజుకే రక్తం ఆగింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. కోర్సు అయిపోయే సమయానికి మా ఆడపడుచు కూతురి పెళ్లి పడింది. ఫోనులో అడిగితే పెళ్లయ్యేదాకా పొడిగించమన్నారు. అప్పటి నా హిమోగ్లోబిన్ 6.4. బలానికి ఐరన్ మాత్రలు రాశారు. అవి కడుపులో తిప్పుతాయి, తింటే మలబద్ధకం. ఎక్కువగా డబ్బాలోనే ఉండేవి.

పెళ్లి పనుల్లోనే తలనొప్పి మొదలైంది. నాకు తలనొప్పి కొత్త కాదు కానీ ఈ నొప్పికి ఒక పద్ధతి ఉంది. మామూలు తలనొప్పికి పడుకుంటే తగ్గుతుంది. దీనికి పడుకుంటే పెరిగేది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు తల పగిలిపోతున్నట్టు లేచి మంచం మీద కూర్చుంటే కాస్త నయమనిపించేది. దగ్గినా, తుమ్మినా, వంగి బిందె ఎత్తినా లోపల ఏదో ఒత్తినట్టు ఉండేది. పొద్దున్నే వాంతి. పెళ్లిలో నిద్ర లేదు, ఎండ, పైత్యం అన్నారు. జనరల్ డాక్టరు మైగ్రేన్ అన్నారు. ఇంకొకరు సైనస్ అన్నారు. సీటీ స్కాన్ తీశారు, అందులో ఏమీ లేదన్నారు. సాదా సీటీలో సిరలోని గడ్డ తరచు కనిపించదని నాకు తర్వాత చెప్పారు. అప్పటికి మాత్రం ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా పడుకున్నారు, నేను తప్ప.

వీళ్లలో ఎవరూ నెలసరి గురించి అడగలేదు. స్త్రీల వైద్యురాలు తలనొప్పి గురించి అడగలేదు. ఒక ఫైలు పచ్చది, ఒక ఫైలు నీలం రంగుది. రెండూ మా బీరువాలో ఒకే అరలో ఉండేవి.

నా జబ్బును మొదట పట్టుకున్నది కళ్ల డాక్టరు. నోట్లు లెక్కపెడుతుంటే అంకెలు మసకబారేవి, ఒంగి లేస్తే క్షణంపాటు కళ్లు పూర్తిగా చీకట్లు కమ్మేవి. అద్దాలు మార్చాలేమో అని వెళ్లాను. చుక్కల మందు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమని, ఆ తర్వాత చీకటి గదిలో నుదుటికి దీపం కట్టుకుని కంటిలోకి చూశారాయన. ఒక కన్ను చూశారు, రెండో కన్ను చూశారు, మళ్లీ మొదటిదానికి వచ్చారు. "మీ వెంట ఎవరు వచ్చారమ్మా?" అన్నారు. మా ఆయన్ని లోపలికి పిలిచి, రెండు కళ్ల వెనకా నరం వాచి ఉందని, తల లోపల ఒత్తిడి పెరిగితే అలా అవుతుందని, ఇంటికి వెళ్లకుండా నేరుగా న్యూరాలజీకి వెళ్లమని చెప్పారు. అద్దాల సంగతి అడిగితే నవ్వి, "అద్దాలు తర్వాత" అన్నారు. ఫీజు కూడా తీసుకోలేదు.

గుంటూరులో పెద్దాసుపత్రి మెట్లెక్కే ముందే కుడి చెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలుపెట్టింది. మొదట బొటనవేలు, తర్వాత మణికట్టు, మోచెయ్యి. చూస్తున్నాను, ఆపలేకపోతున్నాను. ఆ తర్వాత నాకు తెలియదు. ఫిట్స్ వచ్చిందని మా ఆయన చెప్పారు.

క్యాజువాలిటీలో పీజీ చదువుతున్న ఒక అమ్మాయి ఉంది. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లుంటాయేమో. సీటీ చూసి, కళ్ల డాక్టరు చీటీ చదివి, మా ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న: "మేడమ్‌కు నెలసరి ఎలా వస్తుందండీ? దానికి మాత్రలేమైనా వాడుతున్నారా?" తలకు వచ్చిన జబ్బుకు ఈ అడగడమేమిటని ఆయన తడబడ్డారట. "అవి ఆవిడకే తెలుస్తాయండీ" అని, నా చేతిసంచి తెచ్చి ఆ అమ్మాయి ముందు గుమ్మరించారట. రెండు మాత్రల అట్టలు బయటపడ్డాయి. ఆ రాత్రే ఎంఆర్ఐ, దానితోపాటు సిరల్ని చూసే ఎంఆర్ వీనోగ్రామ్ తీశారు.

జబ్బు పేరు సెరిబ్రల్ వీనస్ థ్రాంబోసిస్, పొట్టిగా సీవీటీ. మాది డెల్టా అని తెలుసుకుని న్యూరాలజిస్టు మా ఆయనకు డెల్టా భాషలోనే చెప్పారు: "పొలానికి నీళ్లు తెచ్చే పంట కాలువ ఒకటి, అయిన నీళ్లు తీసుకుపోయే మురుగు కాలువ ఒకటి ఉంటాయి కదండీ. అందరికీ తెలిసిన పక్షవాతంలో పంట కాలువ మూసుకుపోతుంది, చేను ఎండుతుంది. మీ ఆవిడకు మురుగు కాలువ పూడింది. చేను మునిగింది." నడినెత్తి మీద ముందు నుంచి వెనక్కి పోయే పెద్ద సిరలోనూ, ఎడమ పక్క సిరలోనూ గడ్డ ఉంది. రక్తం బయటికి పోయే దారి లేక మెదడు వాచింది, ఎడమ వైపు కొంత భాగం దెబ్బతిని అక్కడ కాస్త రక్తం చిమ్మింది కూడా. పాశ్చాత్య దేశాల లెక్కల్లో మొత్తం పక్షవాతాల్లో ఇది 1 శాతానికి మించదు. మన దగ్గర న్యూరాలజీ వార్డుల్లో ఇది వింత జబ్బేమీ కాదు. ముఖ్యంగా బాలింతల్లో బాగా ఎరిగినదే.

ఆ మర్నాడు మా ఆయన డాక్టర్లతో పోట్లాటకు దిగారు. తలలో రక్తం చిమ్మిందంటారు, మళ్లీ రక్తం పల్చబడే హెపారిన్ ఇంజెక్షన్ పొట్టకు పొడుస్తామంటారు, ఇదెక్కడి వైద్యమని. అడగాల్సిన ప్రశ్నే. దారి మూసుకుపోవడం వల్లే రక్తం చిమ్మిందని, గడ్డ పెరగకుండా ఆపకపోతే ఇంకా చిమ్ముతుందని, సీవీటీలో లోపల కొంత రక్తస్రావం ఉన్నా హెపారిన్ ఇవ్వడమే పద్ధతి అని పెద్ద డాక్టరు ఓపికగా కూర్చోబెట్టి చెప్పారు. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికిందట. ఆయనది.

నారెథిస్టెరోన్, ట్రానెగ్జామిక్ రెండూ ఆ రాత్రే ఆపేశారు. ఇంతకీ అసలు చిక్కు అక్కడి నుంచే. ఆ మాత్ర ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వచ్చి తీరుతుంది. పొట్టకు రెండు పూటలా రక్తం పల్చబడే ఇంజెక్షన్. వచ్చింది చూడండి, ఐసీయూలో దుప్పట్లు మార్చే ఆయా "ఇదేమిటమ్మా తల్లీ" అంది. హిమోగ్లోబిన్ 5.8కి పడిపోయింది. రక్తం ఆపే మందు ఇస్తే తలలో గడ్డ పెరుగుతుంది, గడ్డకు మందు ఇస్తే కింద రక్తం ఆగదు. ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేద్దామంటే దానికి హెపారిన్ ఆపాలి, మొదటి నెలల్లో అది ప్రమాదం. నా మంచం పక్కన న్యూరాలజిస్టు, ఆ ఆసుపత్రి గైనకాలజిస్టు నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. నా పచ్చ ఫైలు, నీలం ఫైలు ఒకేసారి తెరుచుకోవడం అదే మొదటిసారి.

రక్తం ఎక్కించారు. తర్వాత ఐరన్ సీసాలో పెట్టి నరానికి ఇచ్చారు, ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అనేది. ఒకేసారి 1000 మి.గ్రా. దాకా ఇవ్వవచ్చు. ఎన్నో నెలలుగా మాత్రలతో కాని పని దానితో అయింది. కాస్త కుదుటపడ్డాక గర్భసంచి లోపల హార్మోన్ లూపు పెట్టారు. అందులోని లెవోనార్జెస్ట్రెల్ రోజూ కొద్దికొద్దిగా సంచి లోపలే విడుదలవుతూ పొరను పల్చబరుస్తుంది. రక్తంలో కలిసేది బాగా తక్కువ, గడ్డకట్టే గుణాన్ని పెంచే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ అసలే లేదు. పెట్టిన రోజు నొప్పి ఉంది. ఆ తర్వాత నెలల తరబడి రోజూ మరకలు కనబడుతూనే ఉన్నాయి. ఇది ముందే చెప్పారు కనుక ఓర్చుకున్నాను. చెప్పకపోయి ఉంటే తీయించేసుకునేదాన్నే.

ఇక కారణాల మాట. నా పాత రక్త పరీక్షల కాగితాలు చూస్తూ ఆ పీజీ అమ్మాయి ఒక అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. ప్లేట్‌లెట్లు 5.6 లక్షలు. డెంగీ భయంతో ప్లేట్‌లెట్లు తగ్గాయా అని చూడటమే మనకు అలవాటు, ఎక్కువుంటే సంతోషిస్తాం. ఐరన్ బాగా తగ్గిపోయినప్పుడు ప్లేట్‌లెట్లు పెరుగుతాయని, రక్తం గడ్డకట్టే గుణం కూడా పెరుగుతుందని ఆ అమ్మాయే చెప్పింది. రక్తం తక్కువైన మనిషికి రక్తం గడ్డకట్టడమేమిటని నేను వాదించాను కూడా. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 428 మంది సీవీటీ రోగుల వివరాలతో 2012లో ప్రచురించిన పరిశీలనలో గుర్తించిన కారణాల్లో రక్తహీనత ఉంది, గర్భనిరోధక మాత్రలూ ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. "కొంచెం రక్తం తక్కువ" అని చేత్తో తీసిపారేసే జబ్బు ఇదే.

రెండోది ఆ మాత్ర. నారెథిస్టెరోన్ ఈస్ట్రోజన్ కాదు, ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ జాతిది కనుక భయం లేదని చాలామంది అనుకుంటారు, కొందరు డాక్టర్లు సహా. తక్కువ మోతాదులో ఆ మాట నిజమే. కానీ రోజుకు 10 నుంచి 20 మి.గ్రా. వేసుకుంటే శరీరంలో దానిలో కొంత ఇథినైల్ ఈస్ట్రాడయోల్ అనే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. 20-30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్ర మింగినంత లెక్క. నేను వేసుకున్నది రోజుకు 15. దానిపైన గడ్డ కరగనివ్వని ట్రానెగ్జామిక్, పెళ్లి హడావుడిలో తాగని నీళ్లు, హిమోగ్లోబిన్ 6.4. ఏ ఒక్కటీ ఒంటరిగా ఇంత పని చేసి ఉండదని న్యూరాలజిస్టు అభిప్రాయం. ఆ మాత్ర లక్షలమంది వేసుకుంటారు, ఏమీ కాదు. నేను ఎవరినీ మానమనడం లేదు. రాసే ముందు రక్తం ఎంతుందో చూడాలి, ఇంట్లో ఎవరికైనా కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు కట్టాయా అని అడగాలి, కొత్త రకం తలనొప్పి వస్తే ఆపేసి రమ్మని చెప్పాలి. రెండు నిమిషాల పని.

పుట్టుకతో గడ్డకట్టే లోపాలున్నాయేమో చూసే పరీక్షలూ చేశారు. ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ వంటివి రక్తం పల్చబడే మాత్రలు వాడుతుండగా చేస్తే తప్పుడు ఫలితం వస్తుంది కనుక కోర్సు ముగిసేదాకా ఆగారు. ఆత్రంగా ముందే చేయించి వేలకు వేలు పోసినవాళ్లను ల్యాబు దగ్గర చూశాను. నాలో దొరికింది ఒకటే, రక్తంలో ఎక్కువైతే గడ్డలకు దారితీసే హోమోసిస్టీన్ అనే పదార్థం ఎక్కువ. బీ12 తక్కువ కావడం వల్ల. దానికి ఇంజెక్షన్లు.

ఇంటికొచ్చాక రక్తం పల్చబడే అసినోకౌమరాల్ మాత్రలు, ఎంత పల్చబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలు. ఐఎన్ఆర్ 2కూ 3కూ మధ్య ఉండాలి. కొత్త రకం మాత్రలుంటాయి, వాటికి ఈ పరీక్షల బాధ లేదు. కానీ వాటిలో రివరాక్సబాన్‌తో నెలసరి రక్తస్రావం బాగా పెరుగుతుందని, నాలాంటిదానికి మోతాదు తగ్గించుకుంటూ పెంచుకుంటూ పోగలిగేదే మేలని పాతదే ఇచ్చారు. ఆకుకూరలు మానేయాలని ఎవరో చెబితే మా అత్తగారు పెరట్లో తోటకూర పీకించేశారు. తీరా డాక్టరు చెప్పింది వేరు. మానక్కర్లేదు, వారం వారం ఒకే పాళ్లలో తినాలి, ఒక వారం అసలు లేకుండా మరుసటి వారం మూడు పూటలా మునగాకు తింటే అంకె అటూ ఇటూ అవుతుంది. ఫిట్స్ రాకుండా ఇచ్చిన లెవెటిరాసిటామ్‌కు చిరాకు తెప్పించే గుణముంది. ఆ విషయం తెలిసే లోపు ఇంట్లో నాతో మాట్లాడటం మానేసినవాళ్లు ఇద్దరు.

చెయ్యి సంగతి చెప్పాలి. బలం త్వరగానే వచ్చింది, స్పర్శ రాలేదు. నోట్ల కట్ట పట్టుకుంటే బొటనవేలు కదులుతుంది కానీ దాని కింద ఒక నోటుందో రెండున్నాయో తెలియదు. ఫిజియోథెరపిస్టు ఇచ్చిన రబ్బరు బంతి పక్కన పెట్టేసి, మా ఆయన తెచ్చిన పది రూపాయల నోట్ల కట్టతో రోజూ సాధన చేశాను. వంద నోట్లు ఒకసారి 97, ఒకసారి 103 అయ్యేవి. మా చిన్నవాడు పక్కన కూర్చుని సరిచూసేవాడు. ఉద్యోగంలో మళ్లీ చేరాక క్యాష్ కౌంటరు కాకుండా ఖాతాలు తెరిచే బల్ల ఇచ్చారు. లెక్కపెట్టే యంత్రం ఉంటుంది కదా అని అడిగాను, మేనేజరు ఒప్పుకోలేదు. ఆ కోపం ఇంకా ఉంది.

ఈలోగా మా అక్క కూతురు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల, ఫోను చేసింది. అండాశయాల్లో నీటి బుడగలని, నెలసరి క్రమం కోసం గర్భనిరోధక మాత్ర వాడుతోంది. మైగ్రేన్ కూడా ఉంది. మైగ్రేన్ వచ్చే ముందు కళ్ల ముందు మెరుపు గీతలు కనిపిస్తాయా అని అడిగాను. "నీకెలా తెలుసు పిన్నీ?" అంది. అలాంటి మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర పక్షవాతం ముప్పు పెంచుతుంది, ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది. దాన్ని భయపెట్టకుండా ఈ ఒక్క సంగతి వాళ్ల డాక్టరుకు చెప్పమన్నాను. మాత్ర మార్చారు. ఆ డాక్టరు తలనొప్పి గురించి అడగలేదు, ఇది చెప్పలేదు.

గర్భసంచి తీయించమనే పాట ఇప్పటికీ ఆగలేదు. మొన్న ఆసుపత్రిలో ఇదే అడిగాను. అమెరికాలో నర్సుల మీద ఏళ్ల తరబడి సాగిన పరిశీలనలో, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం సంచి బయట పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు 34 శాతం ఎక్కువని 2022లో తేలిందని, ఆ ఎక్కువలో చెప్పుకోదగ్గ భాగం గర్భసంచి, అండాశయాలు తీసేయడంతో ముడిపడి ఉందని గైనకాలజిస్టు చెప్పారు. నాది ఎండోమెట్రియోసిస్ కాదు, దాని దగ్గరి చుట్టం. లూపు పని చేస్తోంది కనుక కదిలించవద్దన్నారు. ఎప్పుడైనా సంచి తీయాల్సి వచ్చినా అండాశయాలు ఉంచుతారట. మా అమ్మకు రెండూ తీసేశారు, ఎందుకో అడిగేవాళ్లు అప్పుడు లేరు.

ఇప్పుడు హిమోగ్లోబిన్ 12.1. మళ్లీ తీసిన ఎంఆర్‌లో నడినెత్తి సిర చాలావరకు తెరుచుకుంది, ఎడమ పక్కది సగమే. పల్చబడే మాత్రలు ఆపేశారు. పర్సులో ఆధార్ కార్డు వెనక ఒక అట్టముక్క పెట్టుకున్నాను, 'సీవీటీ వచ్చింది, ఈస్ట్రోజన్ ఇవ్వరాదు' అని. మిగిలింది ఒక్క అనుమానం. ఇంకొన్నేళ్లకు నెలసరి ఆగిపోయి ఒళ్లంతా వేడి ఆవిర్లు మొదలైతే అందరికీ ఇచ్చే హార్మోన్ మాత్రలు నాకు పనికిరావు కదా, అప్పుడెలా అని అడిగాను. హార్మోన్ లేని మందులున్నాయట. "ముందు ఐరన్ నిల్వలు ఎంతున్నాయో ఫెరిటిన్ పరీక్ష చేయించండి, అది అప్పుడు చూద్దాం" అని చీటీ రాసిచ్చారు.